పార్టీ జెండా, రాష్ట్ర జెండా

భారతదేశంలో నేడు సొంత అధికారిక జెండా ఉన్న రాష్ట్రం ఒక్కటీ లేదు. రాష్ట్ర చిహ్నాలున్నాయి, రాష్ట్ర గీతాలున్నాయి. రాష్ట్ర పక్షి, రాష్ట్ర పుష్పం, రాష్ట్ర వృక్షం ఉన్నాయి. జెండా మాత్రం లేదు. రాయగడ జిల్లా తెరుబలిలో బడి మీద ఎగిరినా, కోరాపుట్ కలెక్టరేట్ మీద ఎగిరినా, కొండలు దిగి విజయనగరంలో ఎగిరినా అది మువ్వన్నెల జెండాయే. ఒడిశా ప్రభుత్వానిదని గుర్తుపట్టడానికి కాగితాల మీద, బోర్డుల మీద ఉండేది కోణార్క సూర్యదేవాలయంలోని యుద్ధాశ్వం, దాని పక్కన యోధుడు ఉన్న ముద్ర. ఆ ముద్ర గుడ్డ మీదికి ఎక్కలేదు. ఒడిశాలో రోజూ జనం తలెత్తి చూసే మరో జెండా ఉంది గానీ అది ప్రభుత్వానిది కాదు. పూరీ జగన్నాథుని గుడి శిఖరాన నీలచక్రానికి కట్టే పతితపావన పతాకం అది. చునరా సేవకులు ప్రతి సాయంత్రం ఉత్త కాళ్లతో, ఏ పట్టూ లేకుండా శిఖరమెక్కి దాన్ని మారుస్తారు.

రాష్ట్రాలకు జెండాలు ఎందుకు లేవో తెలియాలంటే, ఉన్న జెండాలు ఎలా పుట్టాయో ముందు చూడాలి. దేశంలో నిలిచిన జెండాలను వెతికితే ఒక సంగతి కనిపిస్తుంది. వాటిలో ఏదీ మొదట ప్రభుత్వం కూర్చుని గీయించినది కాదు. ఏదో ఒక పార్టీయో ఉద్యమమో దాన్ని ముందు వీధుల్లో మోసింది. తరువాత ప్రభుత్వం దాన్ని తీసుకుని, పార్టీ వాసన పోయేలా చిన్న మార్పు ఒకటి చేసింది. ఆ మార్పులోనే రూపకల్పన రహస్యమంతా ఉంది.

పైనుంచి ఇచ్చిన జెండాలు లేకపోలేదు. 1877 జనవరి 1న ఢిల్లీలో విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా ప్రకటించిన దర్బారులో వైస్రాయ్ లిట్టన్ దొర సంస్థానాధీశులకు ఒక్కొక్క పట్టు పతాకం బహూకరించాడు. వాటి మీది ముద్రలు గీసినవాడు బెంగాల్ సివిల్ సర్వీసులోని రాబర్ట్ టేలర్. ఐరోపా కోటల గోడల మీద కనిపించే డాలు ఆకారం, డాలుకు అటూ ఇటూ సింహమో ఏనుగో, కింద నినాదం రాసిన పట్టీ. రాజపుత్రులైనా మరాఠాలైనా నవాబులైనా అందరికీ ఇదే మూస. పతాకాలు బరువుగా ఉండి ఊరేగింపుల్లో మోయడమే కష్టమైంది. ఇప్పుడవి మ్యూజియం సరుకు. జయపురం రాజులకు ఆ గౌరవం కూడా దక్కే వీలు లేదు. కోరాపుట్, రాయగడ ప్రాంతాలు వారి ఏలుబడిలోనే ఉన్నా, బ్రిటిష్ లెక్కలో జయపురం సంస్థానం కాదు, మద్రాసు ప్రెసిడెన్సీ విశాఖపట్నం జిల్లాలో ఒక జమీందారీ. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనప్పుడు ఆ ప్రాంతం కోరాపుట్ జిల్లాగా అటు చేరింది. రాయగడ 1992 అక్టోబరు 2న వేరు జిల్లా అయింది. మద్రాసు పోయి కటకం వచ్చినా జెండా విషయంలో మార్పేమీ లేదు. రెండిటి మీదా ఎగిరింది యూనియన్ జాకే.

తెలుగువారు ఎక్కువ కాలం చూసిన సంస్థానపు జెండా హైదరాబాదు నిజాములది. పసుపు రంగు గుడ్డ, నడుమ తెల్లటి గుండ్రం. ఆ గుండ్రం రొట్టె అని జనశ్రుతి. మొదటి నిజాం కమరుద్దీన్ ఖాన్ దక్కనుకు వచ్చే ముందు నిజాముద్దీన్ ఔరంగాబాదీ అనే సూఫీ గురువును దర్శించాడని, గురువు పసుపు గుడ్డలో చుట్టిన కుల్చాలు పెడితే ఏడు తిన్నాడని, ఏడు తరాలు ఏలతావని గురువు దీవించాడని కథ. చరిత్రకారులు దీనికి రుజువు అడిగితే దొరకదు గానీ, జెండాగా చూస్తే ఇది మంచి రూపమే. రెండు రంగులు, ఒక్క ఆకారం, ఎంత దూరం నుంచైనా ఇట్టే పోల్చుకోవచ్చు. చివరి నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ కాలానికి దాని మీద తలపాగా, అరబ్బీ అక్షరాలు వగైరా చేరి ఆ సరళత చెడింది. ఇంతకూ అది పాలకుడి జెండా. 1947లో హైదరాబాదు సంస్థానంలో మూడు రంగుల జెండా ఎగరేయడం నేరం. ఆగస్టు 15న అక్కడి కాంగ్రెస్ నాయకుడు స్వామి రామానంద తీర్థ సుల్తాన్ బజారులో దాన్ని ఎగరేసి అరెస్టయ్యారు. 1948 సెప్టెంబరు 17న నిజాం సేన లొంగిపోయాక పసుపు జెండా దిగింది. దాన్ని నిలబెట్టమని ఉద్యమం చేసినవారు లేరు.

జనం మోసిన జెండా కథ బెజవాడలో మొదలవుతుంది. మచిలీపట్నం దగ్గరి భట్లపెనుమర్రులో పుట్టిన పింగళి వెంకయ్య యువకుడిగా బ్రిటిష్ సైన్యంలో చేరి దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధానికి వెళ్లాడు. గాంధీతో పరిచయం అక్కడిదే. పత్తి మీద పరిశోధనలు చేసినందుకు పత్తి వెంకయ్య, జపాను భాష నేర్చినందుకు జపాన్ వెంకయ్య, గనుల మీద, రాళ్ల మీద ఉన్న మక్కువకు డైమండ్ వెంకయ్య అనిపించుకున్నాడు. ఆ వరసలో చివరి పేరు జెండా వెంకయ్య. 1916లోనే భారత జాతీయ పతాకం గురించి ఆయన ఇంగ్లీషులో ఒక పుస్తకం వేశాడు. అందులో ముప్పై నమూనాలున్నాయి. కాంగ్రెస్ మహాసభలు ఎక్కడ జరిగినా వెళ్లి ఈ మాటే ఎత్తేవాడు. జెండాల మీద అంత పట్టు పట్టిన మనిషి అప్పట్లో మరొకరు కనిపించరు.

1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ బెజవాడలో సమావేశమైంది. జలంధర్‌కు చెందిన లాలా హంసరాజ్ స్వరాజ్య పతాకం మీద చరఖా ఉండాలని అంతకు ముందే సూచించాడు. గాంధీ వెంకయ్యను పిలిచి, ఎరుపు, ఆకుపచ్చ రంగుల మీద చరఖా వేసి ఒక నమూనా ఇవ్వమన్నాడు. వెంకయ్య మూడు గంటల్లో తెచ్చి ఇచ్చాడు. అయినా కమిటీ ముందు పెట్టడానికి కాస్త ఆలస్యమైపోయింది. ఏప్రిల్ 13న ‘యంగ్ ఇండియా’లో గాంధీ ఆ సంగతి రాస్తూ, ఆలస్యం కావడమే మేలైందన్నాడు. ఆలోచించే వ్యవధి దొరికింది. ఎరుపు హిందువులకు, ఆకుపచ్చ ముస్లిములకు అయితే మిగతా మతాల మాటేమిటన్న ప్రశ్న వచ్చి తెలుపు చేరింది. పైన తెలుపు, నడుమ ఆకుపచ్చ, అడుగున ఎరుపు, మూడింటి మీదా పరుచుకుని చరఖా. తక్కువ సంఖ్యలో ఉన్నవారి రంగు పైన ఉండాలన్నది అప్పటి లెక్క.

రంగుకో మతం అంటగడితే తగువు ఎంతో దూరంలో ఉండదు. సిక్కులు తమ రంగు కూడా ఉండాలన్నారు. 1931లో కాంగ్రెస్ ఏడుగురితో జెండా కమిటీ వేసింది. దాని కన్వీనర్ మళ్లీ తెలుగువాడే, మచిలీపట్నం వైద్యుడు భోగరాజు పట్టాభి సీతారామయ్య. సర్దార్ పటేల్, నెహ్రూ, అబుల్ కలాం ఆజాద్, మాస్టర్ తారాసింగ్, కాకా కాలేల్కర్, హర్డీకర్ మిగతా సభ్యులు. మతాల గొడవ తప్పించాలని వారు గుడ్డంతా ఒక్క కాషాయ రంగులో ఉంచి, పై మూలన చరఖా వేద్దామన్నారు. కమిటీలో ఇంత పెద్దలున్నా ఆ సిఫారసు నెగ్గలేదు. పదేళ్లుగా జనం చేతుల్లో ఎగిరిన మూడు రంగులను ఒక్క నివేదికతో తీసేయడం అయ్యే పని కాదు. ఆగస్టులో బొంబాయిలో కాంగ్రెస్ కమిటీ కాషాయం, తెలుపు, ఆకుపచ్చ వరసను, తెలుపు మీద నీలి చరఖాను ఖాయం చేసి, రంగులకు మతంతో సంబంధం లేదని ప్రకటించింది. త్యాగానికి, సాహసానికి కాషాయం, శాంతికి, సత్యానికి తెలుపు, విశ్వాసానికి, శౌర్యానికి ఆకుపచ్చ అన్నారు. నేటి రంగుల వరస అక్కడ స్థిరపడింది.

ఆ జెండాకు కోరాపుట్ అడవుల్లో కట్టిన ధర తక్కువది కాదు. 1942లో క్విట్ ఇండియా పిలుపు వచ్చినప్పుడు కాంగ్రెస్ ఊరేగింపంటే ముందు చరఖా జెండా నడవాల్సిందే. ఆగస్టు 21న టెంటులిగుమ్మ గ్రామానికి చెందిన భూమియా గిరిజన నాయకుడు లక్ష్మణ్ నాయక్ జనంతో కలిసి మాథిలి పోలీసు స్టేషనుకు ఊరేగింపుగా వెళ్లాడు. పోలీసులు కాల్పులు జరిపారు. ఆ గొడవలో ఒక అటవీ రక్షకుడు కూడా చనిపోతే ఆ హత్యానేరం లక్ష్మణ్ నాయక్ మీద మోపారు. 1943 మార్చి 29న బరంపురం జైల్లో ఆయనను ఉరి తీశారు. మాథిలి ఘటన జరిగిన మూడు రోజులకే పాపడాహండి దగ్గర తూరీ నది ఒడ్డున మరో ఊరేగింపు మీద కాల్పులు జరిగి 19 మంది చనిపోయారు. మాథిలి ఇప్పుడు మల్కన్‌గిరి జిల్లాలో, పాపడాహండి నవరంగపూర్ జిల్లాలో ఉన్నాయి. ఆనాడు రెండూ కోరాపుట్ జిల్లావే.

స్వాతంత్ర్యం ఖాయమయ్యాక ఇబ్బంది ఒకటి వచ్చింది. జనం మోసినది కాంగ్రెస్ జెండా. ఒక పార్టీ జెండా దేశానికి జెండా ఎలా అవుతుంది? 1947 జూన్‌లో రాజేంద్రప్రసాద్ అధ్యక్షతన రాజ్యాంగ సభ కమిటీ వేసింది. జులై 22న నెహ్రూ తీర్మానం ప్రవేశపెడుతూ పట్టు గుడ్డది ఒకటి, నూలు గుడ్డది ఒకటి రెండు జెండాలు సభకు చూపించాడు. రంగులు అవే. చరఖా బదులు సారనాథ్ అశోక స్తంభం మీది చక్రం వచ్చింది. ఈ మార్పు రాజకీయం కోసమే అనుకుంటారు గానీ నెహ్రూ చెప్పిన కారణాల్లో ఒకటి అచ్చంగా పనివాడి మాట. చరఖాకు ఒక వైపు చక్రం, ఇంకో వైపు కదురు ఉంటాయి. జెండాను వెనక నుంచి చూస్తే కదురు అటుది ఇటు వస్తుంది. జెండా రెండు వైపులా ఒకేలా కనిపించాలి. ఇరవై నాలుగు ఆకుల చక్రానికి ఎటు చూసినా ముందూ వెనకా లేదు. చరఖా పోవడం గాంధీకి నచ్చలేదు. కానీ పార్టీ జెండా మీద చరఖా మిగిలింది, దేశానికి చక్రం దక్కింది, రెండూ వేరయ్యాయి. ఇంత చిన్న సవరణతో అంత పెద్ద చిక్కు తీరడం జెండాల చరిత్రలో అరుదు.

చూపు తిప్పకుండా చూడదగ్గది ఈ జెండా తయారీ కూడా. స్వతంత్ర భారతంలో ప్రమాణాల సంస్థ వేసిన మొట్టమొదటి ప్రమాణం, ఐఎస్ 1, జాతీయ జెండాదే. పొడవు వెడల్పులు మూడుకు రెండు. గోడకు తగిలించే పెద్ద జెండా నుంచి బల్ల మీద పెట్టుకునే బుల్లి జెండా దాకా తొమ్మిది కొలతలు. అన్నిటిలో పెద్దది 6300 మిల్లీమీటర్ల పొడవు, 4200 వెడల్పు. చిన్నది 150 పొడవు, 100 వెడల్పు. కర్ణాటకలో హుబ్బళ్లి పక్కన బెంగేరిలోని ఖాదీ సంఘం ఈ ప్రమాణపు ఖాదీ జెండాలు కుట్టడంలో పేరుమోసింది. ధార్వాడ దగ్గరి గరగ గ్రామంలో నేసే ఖాదీకి కూడా ఈ పనిలో పాత పేరుంది. పలచటి నేత గుడ్డను మూడు రంగులు అద్ది, మూడు పట్టీలుగా కోసి కలిపి కుడతారు. తెల్ల పట్టీకి రెండు వైపులా చక్రం అద్దుతారు. ఒక వైపు చక్రం మీద రెండో వైపు చక్రం వెంట్రుకవాసి తేడా లేకుండా పడాలి. వెలుతురుకు ఎత్తి పట్టుకుంటే ఆకులు రెండు వరసలుగా కనిపించాయా, ఆ ముక్క పనికిరాదు. కర్ర వైపు అంచుకు మందపాటి తెల్ల గుడ్డ గొట్టంలా కుట్టి, అందులోంచి తాడు దూర్చి, పై చివర కొయ్య బిళ్ల కడతారు. 2021 డిసెంబరులో జెండా నియమావళి సవరించి మరనేత, పాలిస్టర్ జెండాలకు కూడా అనుమతి ఇచ్చారు. చేతి నేత మీద ఆధారపడ్డ ఊళ్లకు అది గట్టి దెబ్బే.

జాతీయ జెండా స్థిరపడ్డాక రాష్ట్రాల మాట వచ్చింది. రాజ్యాంగంలో రాష్ట్ర జెండా ప్రస్తావనే లేదు. ఇవ్వాలనీ లేదు, వద్దనీ లేదు. ఆ ఖాళీలో 1952లో జమ్మూ కశ్మీర్ జెండా పుట్టింది. అక్కడ షేక్ అబ్దుల్లా నాయకత్వంలోని నేషనల్ కాన్ఫరెన్స్ పార్టీది ఎర్ర జెండా, దాని మీద తెల్లని నాగలి. భూమి దున్నేవాడిదన్న ఆ పార్టీ మాటకు గుర్తు అది. 1952 జూన్‌లో రాష్ట్ర రాజ్యాంగ సభ అదే ఎరుపును, అదే నాగలిని తీసుకుని, కర్ర పక్కన మూడు తెల్లని నిలువు పట్టీలు చేర్చింది. జమ్మూ, కశ్మీరు, లద్దాఖ్ అనే మూడు ప్రాంతాలకు అవి మూడు పట్టీలు. పార్టీ జెండాకూ రాష్ట్ర జెండాకూ ఉన్న తేడా అంతే. ఢిల్లీలో చక్రం చేసిన పనిని శ్రీనగర్‌లో మూడు గీతలు చేశాయి. ఆ ఏడాది జులైలో కుదిరిన ఢిల్లీ ఒప్పందంలో కేంద్రం దీన్ని ఒప్పుకుంది, జాతీయ జెండాకు అక్కడ కూడా అంతటి స్థానమే ఉంటుందన్న షరతుతో. రాష్ట్ర రాజ్యాంగం 144వ సెక్షన్ దీని రూపాన్ని కొలతలతో సహా రాసింది. పట్టీల మధ్య ఎడం సమానం, నాగలి మేడి పట్టీల వైపు, పొడవు వెడల్పులు మూడుకు రెండు. ఒక భారత రాష్ట్రానికి చట్టబద్ధంగా ఉన్న జెండా ఇదొక్కటే. 2019 ఆగస్టు 5న ప్రత్యేక ప్రతిపత్తి రద్దయింది. ఆ నెల 25న శ్రీనగర్ సచివాలయం మీద నుంచి ఎర్ర జెండాను దించారు.

జమ్మూ కశ్మీర్‌ది ప్రత్యేక పరిస్థితి అనుకుంటే, మామూలు రాష్ట్రం జెండా అడిగిన సందర్భం తమిళనాడుది. 1970లో ముఖ్యమంత్రి కరుణానిధి ఒక నమూనా బయటపెట్టారు. పై మూలన జాతీయ జెండా, కింది మూలన రాష్ట్ర ముద్రలోని గోపురం. డీఎంకే అంతకు కొన్నేళ్ల ముందు దాకా ద్రావిడ దేశం కావాలన్న పార్టీ. కనుక ఢిల్లీలో అనుమానం రేగడంలో ఆశ్చర్యం లేదు. ఇక్కడ జనం మోసిన రూపం కూడా ఏదీ లేదు. కాగితం మీద గీసిన బొమ్మ కాగితం మీదే ఉండిపోయింది. అయితే ఆ పట్టుదల వేరే దారిలో ఫలించింది. అంతవరకు ఆగస్టు 15న రాష్ట్ర రాజధానుల్లో జెండా ఎగరేసేది గవర్నర్లే. ఎన్నికైన ముఖ్యమంత్రికి ఆ హక్కు ఉండాలని కరుణానిధి వాదించారు. 1974 నుంచి స్వాతంత్ర్య దినాన ముఖ్యమంత్రులు, గణతంత్ర దినాన గవర్నర్లు ఎగరేస్తున్నారు. భువనేశ్వర్‌లోనైనా హైదరాబాదులోనైనా నేటికీ అదే పద్ధతి. సొంత జెండా అడిగి దక్కించుకోలేకపోయినా ఉన్న జెండా తాడు ముఖ్యమంత్రుల చేతికొచ్చింది. ఈ రెండో సంగతి చాలా మందికి గుర్తుండదు.

అన్నిటికన్నా బలమైన ఉదాహరణ కర్ణాటక. 1960లలో మ. రామమూర్తి అనే రచయిత, ఉద్యమకారుడు కన్నడం కోసం పోరాడుతూ కన్నడ పక్ష అనే పార్టీ పెట్టారు. దానికి పైన పసుపు, కింద ఎరుపు ఉన్న జెండా తయారు చేశారు. పసుపూ కుంకుమా అన్నమాట, వేరే వివరణ అక్కర్లేదు. పార్టీ నిలవలేదు, జెండా నిలిచింది. రాష్ట్ర అవతరణ దినం నవంబరు 1 వస్తే బెంగళూరులో ఆటోల మీద, బస్సుల మీద, కూడళ్లలో, సినిమా హాళ్ల ముందు అదే. అధికారికంగా మాత్రం దానికి ఏ హోదా లేదు. 2017లో సిద్దరామయ్య ప్రభుత్వం దీన్ని పరిశీలించడానికి కమిటీ వేసింది. 2018 మార్చి 8న కొత్త రూపం విడుదలైంది. పసుపుకూ ఎరుపుకూ నడుమ తెల్ల పట్టీ, దాని మీద రాష్ట్ర ముద్రలోని గండభేరుండం. రెండు తలల ఆ పక్షి మైసూరు ఒడయార్ల గుర్తు. అంతకు ముందే విజయనగర నాణేల మీద ఎగిరింది. ఇక్కడ కూడా పాత సూత్రమే పని చేసింది. ఉద్యమ జెండాకు ఒక తెల్ల పట్టీ, ఒక ముద్ర చేరిస్తే రాష్ట్ర జెండా.

ఈ కొత్త రూపం కన్నడిగులందరికీ రుచించలేదు. రెండు రంగుల గుడ్డ ఎవరైనా ఇంట్లో కుట్టుకోవచ్చు. గండభేరుండాన్ని కుట్టడం ఎవరి తరం? ప్రభుత్వ ముద్ర ఎక్కితే అది ప్రభుత్వ వస్తువు అవుతుంది, జనం చేతుల్లోంచి జారిపోతుంది అన్నది వాళ్ల అభ్యంతరం. ఆ అభ్యంతరంలో పస ఉంది. ఆమోదం కోసం జెండా ఢిల్లీకి వెళ్లింది. ఆమోదం రాలేదు. జెండా కోరేవారు 1994 నాటి ఎస్.ఆర్. బొమ్మై కేసులో సుప్రీంకోర్టు తీర్పును చూపించి, రాజ్యాంగంలో నిషేధం లేదంటారు. వద్దనేవారు ఒకే దేశం, ఒకే జెండా అంటారు. జాతీయ జెండా కన్నా ఎత్తున మరో జెండా ఎగరకూడదని 2002 జెండా నియమావళి స్పష్టంగా చెబుతుంది కాబట్టి, రెండూ ఉన్న చోట ఏది పైన అన్న గొడవకు తావు లేదు. మిగిలింది నమ్మకం కుదరడం ఒక్కటే. నాగాలాండ్‌లో నాగా సంస్థలు చర్చల్లో సొంత జెండా కోసం పట్టుబట్టడంతో ఈ ప్రశ్న ఇంకా సున్నితమైంది. ఒకరికి ఇస్తే మరొకరికి ఎలా కాదనడం?

ఇతర దేశాల్లో ఇది ఇంత బరువైన విషయం కాదు. అమెరికాలో యాభై రాష్ట్రాలకూ జెండాలున్నాయి. డాలస్, హ్యూస్టన్‌లలో పెరిగిన తెలుగు పిల్లలకు ఒంటి నక్షత్రపు టెక్సస్ జెండా బాగా తెలుసు. టెక్సస్ విడి దేశంగా ఉన్నప్పుడు 1839లో తీసుకున్న జెండా అది, రాష్ట్రమయ్యాక కూడా మారలేదు. కానీ చాలా రాష్ట్రాలవి నీలం గుడ్డ నడుమ రాష్ట్ర ముద్ర అంటించిన జెండాలు. దూరం నుంచి చూస్తే ఏది ఎవరిదో ఆ దేవుడికే తెలియాలి. జెండాలను అధ్యయనం చేసే ఉత్తర అమెరికా సంఘం 2001లో నిర్వహించిన సర్వేలో మొదటి స్థానం న్యూ మెక్సికోకు దక్కింది. పసుపు మీద జియా ఆదివాసుల ఎర్ర సూర్యుడు, అంతే. ఆ సంఘానికి చెందిన టెడ్ కే చెప్పిన సూత్రాలు ఇప్పుడు అంతటా చెలామణిలో ఉన్నాయి. పిల్లవాడు గుర్తుంచుకుని గీయగలిగేంత సరళంగా ఉండాలి, రెండు మూడు రంగులకు మించకూడదు, అక్షరాలు, ముద్రలు వద్దు, గుర్తుకు అర్థం ఉండాలి, మరొకరి జెండాలా ఉండకూడదు. తప్పు దిద్దుకున్నవారూ ఉన్నారు. బానిసత్వం కోసం పోరాడిన సేనల గుర్తు ఉన్న జెండాను మిసిసిపి 2020లో దించి, ఓటర్ల ఆమోదంతో మాగ్నోలియా పువ్వు జెండా ఎగరేసింది. మిన్నెసోటా, యూటా 2024లో ముద్రలు తీసేసి కొత్త జెండాలు పెట్టుకున్నాయి.

ఈ కొలతలతో చూస్తే మన రాష్ట్రాల ముద్రలేవీ జెండా మీదికి పనికిరావు. ఆంధ్రప్రదేశ్ 2018లో సవరించుకున్న ముద్రలో అమరావతి శిల్పాల్లోని పూర్ణఘటం ఉంది. చుట్టూ అక్షరాలు. కాగితం తలకట్టుగా చక్కగా ఉంటుంది. ముప్పై అడుగుల కర్ర మీద గాలికి మడత పడితే అందులో ఏమీ తెలియదు. 2014లో తయారైన తెలంగాణ ముద్ర మీద కాకతీయ తోరణం, దాని లోపల చార్మినార్. 2024లో వాటిని మార్చాలని ప్రభుత్వం తలపెట్టగానే వివాదం రేగి, జూన్ 2న విడుదల కావలసిన కొత్త ముద్ర ఆగిపోయింది. కోణార్క అశ్వం శిల్పంగా అద్భుతం. గుడ్డ మీద మాత్రం ఒక నల్లటి మచ్చలా కనిపిస్తుంది. ఒడిశాకు జెండా కావాలంటే కోణార్కలోనే మంచి సరుకు ఉంది, గుర్రం కాదు, రథచక్రం. కానీ చక్రం ఇప్పటికే దేశం జెండా మీద ఉంది.

తెలుగు రాష్ట్రాల విషయంలో గీత కన్నా రంగు పెద్ద చిక్కు. పసుపు అంటే తెలుగుదేశం, గులాబీ అంటే బీఆర్ఎస్, కాషాయం అంటే బీజేపీ, ఎరుపు అంటే కమ్యూనిస్టులు. నీలం, తెలుపు, ఆకుపచ్చ పక్కపక్కన పెడితే వైఎస్సార్ కాంగ్రెస్. ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ భవనాలకు అధికార పార్టీ రంగులు వేశారన్న గొడవ హైకోర్టుకు వెళ్లింది. తొలగించమని 2020లో హైకోర్టు చెప్పింది, సుప్రీంకోర్టు కూడా అదే మాట అంది. గోడ రంగే సుప్రీంకోర్టు దాకా పోయిన చోట జెండా రంగు ఎంత దూరం పోతుందో ఊహించుకోవచ్చు. మూడు ప్రాంతాలకు మూడు పట్టీలు గీసిన కశ్మీరు ఉపాయం గానీ, చరఖాను చక్రం చేసిన ఢిల్లీ ఉపాయం గానీ ఇక్కడ అక్కరకు రావు. అవి జనమంతా తమదనుకున్న జెండాలకు చేసిన చివరి సవరణలు. తెలుగునాట ఆ మొదటి జెండాయే లేదు. ఆంధ్రోద్యమానికి గానీ, తెలంగాణ ఉద్యమానికి గానీ పార్టీలకు అతీతంగా అందరూ పట్టుకున్న గుడ్డ ఒకటి మిగల్లేదు. అటువంటిది తయారయ్యేదాకా ఏ ప్రభుత్వం జెండా గీయించినా ఆ ప్రభుత్వం దిగిపోయిన మరునాడే జెండా కూడా దిగుతుంది.